రాతికొమ్ముకి కుంటడం నేర్పినాయన

ఆ గుర్రపుశాలలో అందరూ ఆయన్ని సుత్తాయన అనేవాళ్ళు. మాటలతో జనాల బుర్ర తినే రకం అనుకునేరు, అదేం కాదు. మాటల విషయంలో ఆయనంత పొదుపరి చుట్టుపక్కల లేడు. గుర్రాలకి నాడాలు కొట్టడం ఆయన పని. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుంది కాబట్టి స్వారీ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు సరదాకి ఆ పేరు పెట్టారు. అది కాస్తా అతుక్కుపోయింది.

అరవై మూడేళ్ళ మనిషి. నలభై ఏళ్ళకి పైగా గుర్రం కాలు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పనిచేసి చేసి నడుము ముందుకి వంగినట్టే ఉండిపోయింది. పెరిగిన గిట్ట కోసి, ఆకురాయితో చదును చేసి, నాడా ఆనించి, మేకులు దింపేదాకా గుర్రం చెవి కూడా కదలకూడదు. కదిలితే ఆ రోజంతా ఆయన మొహం ముడుచుకునే ఉండేది. ఆయన పనిపాక వెనక రాళ్ళు పరిచిన దారి ఉంది. గుర్రాలన్నీ ఆ దారినే వచ్చేవి. ఆయన తలెత్తకుండానే, అడుగుల చప్పుడు విని, “అది ఎవరి గుర్రం? కుడి ముందు కాలు చూపించుకోమనండి,” అనేవాడు. చూస్తే నిజంగానే గిట్టలో ఒక రాయి ముక్క దూరి ఉండేది.

ఒకప్పుడు ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళు ఆరుగురు. ఇప్పుడు ఆయనొక్కడే. ఉన్న ఒక్క కొడుకూ మందుల షాపు పెట్టుకున్నాడు. అందుకు ఆయన ఎప్పుడూ నొచ్చుకోలేదు గానీ, ఎవరైనా కొత్తవాళ్ళు “మీరేం చేస్తుంటారండీ?” అని అడిగితే, “ఏదో ఇనుము పని,” అని దాటేసేవాడు. గుర్రాలకి నాడాలు కొడతానంటే, అవతలివాళ్ళు అదేదో తాతల కాలం ముచ్చటలాగా నవ్వుతూ వింటారు. ఆ నవ్వు ఆయనకి పడేది కాదు.

ఇక కోడలి సంగతి. కోడలు కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఆఫీసులో పనిచేసేది. అక్కడ వాళ్ళు చేసే ఆట పేరు మహావేట. ఇరవై రెండేళ్ళ నుంచి వస్తోంది. మొదట్లో టీవీకి తగిలించుకుని ఆడే పెట్టెలో వచ్చింది. తరవాత చేతిలో పట్టుకునే చిన్న మిషన్‌లోకి దిగింది. కొత్త పెట్టె వచ్చినప్పుడల్లా కొత్త భాగం వచ్చింది. అందులో నలుగురు ఆటగాళ్ళు కలిసి మేడంత మృగాల వెంట అడవులూ కొండలూ పట్టుకు తిరుగుతారు. వాటి అడుగులు వెతికి, దెబ్బలు తప్పించుకుని, ముప్పావుగంట సేపు పోరాడి ఒక్కదాన్ని లొంగదీస్తారు. సుత్తాయన కొడుకు చిన్నప్పుడు ఈ ఆట పిచ్చిలో పడి లెక్కల పరీక్ష గాలికొదిలేస్తే, ఆయన ఆ చిన్న మిషన్‌ని వేసవి సెలవులంతా పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అయినా ఫలితం లేకపోయింది. పెద్దయ్యాక అదే ఆటలో ముక్కూ మొహం తెలియని ముగ్గురితో వేటకి వెళ్ళి, అక్కడ పరిచయమైన అమ్మాయినే పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఆ అమ్మాయి మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు సుత్తాయన ఒక్కటే ప్రశ్న అడిగాడు.

“ఆ ఆటలో నువ్వు పట్టుకునే ఆయుధం ఏంటమ్మా?”

“సుత్తి, మామయ్యగారూ. అన్నిటికన్నా పెద్ద సుత్తి.”

ఆయన ఇంకేమీ అడగలేదు.

కోడలు చేసేది ఆ మృగాలని నడిపించే పని. బొమ్మ గీసేవాళ్ళు గీసి ఇస్తే, అది ఎలా నడవాలో, ఎలా తిరగాలో, ఎలా పడాలో ఈమె నిర్ణయించాలి. ఈసారి మహావేట మొదటిసారిగా ఫోన్‌లోకి వస్తోంది. అందులో ముఖ్యమైన మృగం, నాలుగు కాళ్ళూ ముక్కు మీద బండరాయి లాంటి కొమ్మూ ఉన్న రాతికొమ్ము, ఆమె చేతిలోనే ఉంది.

ఒక సెలవు రోజు ఉదయం ఆమె డైనింగ్ టేబుల్ మీద ట్యాబ్లెట్ పెట్టుకుని కూర్చుంది. పక్కన పెట్టుకున్న టీ మీద మీగడ కట్టేసింది. సుత్తాయన తన గ్లాసు పట్టుకుని వెనకాల నిలబడ్డాడు. తెరమీద రాతికొమ్ము గడ్డిలో కాలీడ్చుకుంటూ నడుస్తోంది. ఆయన రెండు గుటకలు తాగేంతసేపు చూశాడు.

“దానికేమైంది?”

“దెబ్బలు తగిలి కుంటుతోంది మామయ్యా.”

“అది కుంటడం కాదు. బడి ఎగ్గొట్టడానికి నాటకమాడే పిల్లల నడక.”

వంటగదిలోంచి కొడుకు, “నాన్నా, పాపం వారం రోజులుగా అదే పని మీద ఉంది,” అన్నాడు.

కోడలు మాత్రం కుర్చీ వెనక్కి తిప్పి కూర్చుంది. వారం రోజులుగా ఆఫీసులో అందరూ బాగుంది బాగుంది అంటున్నారు. బాగోలేదని మొదట అన్నవాడు ఈయనే. ఆమె విషయమంతా చెప్పుకొచ్చింది. మహావేటలో మృగానికి ఇంకా ఎంత ప్రాణం మిగిలిందో తెరమీద ఎక్కడా చూపించరు. దాన్ని చూసే తెలుసుకోవాలి. అలిసిపోయి కుంటడం మొదలుపెట్టిందంటే ఓటమికి దగ్గరపడిందని అర్థం. ఇరవై రెండేళ్ళుగా ఆ ఆటకి అదే ప్రాణం. టీవీలో అయితే కాళ్ళు కనిపించేవి. ఫోన్‌లో మృగం బొటనవేలంత ఉంటుంది, కాళ్ళు గడ్డిలో కలిసిపోతాయి. ఆడి చూసినవాళ్ళెవరికీ కుంటు తెలియలేదు. అందుకని ఇక తప్పదు, మృగం తల మీద ప్రాణం ఎంతుందో చూపించే ఎర్రగీత ఒకటి పెట్టేద్దాం అంటున్నారు.

“పెడితే ఏం?”

“పెడితే ఇక ఎవరూ మృగాన్ని చూడరు మామయ్యా. గీతనే చూస్తారు.”

ఆ మాట ఆయన మనసుకి తగిలింది. అయినా వెంటనే ఒప్పుకోలేదు. గ్లాసు కింద పెట్టి, “కుంటుతున్న జంతువుని ఇంకా తరిమి కొడతారా మీ వాళ్ళు? కాలు నొప్పి ఉన్నదాని దగ్గరికి నేను బాగుచేయడానికి వెళ్తాను. మీరు చంపడానికి వెళ్తారు. నన్ను సాయం అడిగితే ఎలాగమ్మా?” అన్నాడు.

“చంపనక్కర్లేదు. కుంటడం గమనించినవాళ్ళు ఆయుధం ఆపి, వల పన్ని, మత్తు పెట్టి ప్రాణాలతో పట్టుకోవచ్చు. దానికి కట్టు కట్టి వదిలేస్తారు. గమనించనివాళ్ళు కొడుతూనే ఉంటారు, అది చచ్చిపోతుంది. అదే తేడా.”

సుత్తాయన గ్లాసు తీసి మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. తరవాత చెప్పులు వేసుకుంటూ, “పద. చుక్క దగ్గరికి పోదాం,” అన్నాడు.

చుక్క అంటే నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఆడగుర్రం. గిట్టలో చీము పడితే, నాలుగు రోజుల క్రితమే ఆయన దాన్ని తీశాడు. నొప్పి ఇంకా పూర్తిగా పోలేదు. దాన్ని చూసుకునే అమ్మాయి తాడు పట్టుకుని రాళ్ళదారి మీద నెమ్మదిగా పరిగెత్తించింది. కోడలు వంగి గిట్టలకేసి కళ్ళార్పకుండా చూసింది.

“ఏ కాలు?” అన్నాడు ఆయన.

“తెలియట్లేదు మామయ్యా. నాలుగూ బాగానే వేస్తోంది.”

“వేస్తుంది మరి. నొప్పి బయటపెట్టే జంతువు అడవిలో ఒక్కరోజు బతకదు. చేతనైనంత వరకు దాస్తుంది. కాళ్ళకేసి చూడకు. తల చూడు.”

ఆమె తలెత్తింది. చుక్క తల పైకీ కిందకీ ఊగుతోంది. ముందు మామూలుగానే అనిపించింది. ఆయన నాలుకతో టక్, టక్ అని కొట్టడం మొదలుపెట్టాడు.

“నొప్పి కాలు నేలకి ఆనినప్పుడల్లా తల పైకి లాక్కుంటుంది, బరువు పడకుండా. మంచి కాలు మీదికి వచ్చాక దించుతుంది. చూశావా? లేచింది. దించింది. లేచింది.”

“ఎడమ కాలు,” అంది కోడలు మెల్లిగా.

“ఎడమ ముందు కాలు. గిట్ట లోపలి అంచు. భుజం నొప్పి అయితే అడుగు పొట్టిదవుతుంది, ఇది అలా కాదు. ఇప్పుడు కళ్ళు మూసుకుని విను.”

ఆమె కళ్ళు మూసుకుంది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెత్తగా వినిపించింది, ఎవరో మెట్ల మీద ఒక మెట్టు దాటేసి దిగుతున్నట్టు. ఆమె కళ్ళు తెరిచి మామగారికేసి చూసిన చూపుకి ఆయన ఇబ్బందిపడి, సుత్తి ఎక్కడ పెట్టానా అని వెతుక్కోవడం మొదలుపెట్టాడు. సుత్తి ఆయన చేతిలోనే ఉంది.

“గడ్డిలో కాళ్ళు మునిగిపోయినా తల మునగదు,” అంది ఆమె. “ఆకాశం మీద నల్లగా కనిపిస్తూనే ఉంటుంది. ఫోన్‌లో కూడా.”

మర్నాడు ఆమె ఆయన్ని ఆఫీసుకి తీసుకెళ్ళింది. గేటు దగ్గర పుస్తకంలో పేరు రాయించుకున్నారు. వృత్తి అన్నచోట ఆయన అలవాటుగా ‘ఇనుము పని’ అని రాశాడు. పైన పెద్ద హాలు, వరసగా తెరలు, గోడల నిండా కోరలూ తోకలూ. కుర్చీల్లో కూర్చున్న ఇరవై మంది ఈయన కాలరు లేని చొక్కానీ మేకులు గుచ్చుకుని గుచ్చుకుని నల్లబడ్డ వేళ్ళనీ చూశారు. అందరికంటే వెనక డైరెక్టరు గారు కూర్చున్నారు. మహావేట మొదటి భాగం చేసింది ఆయనే. ఆయన మాటంటే అక్కడ అందరికీ శిలాశాసనం.

“ఎర్రగీత నాకూ ఇష్టం లేదండీ,” అన్నారు ఆయన మర్యాదగానే. “కానీ ఇరవై రెండేళ్ళుగా మృగాలు ఒకే రకంగా కుంటుతున్నాయి. జనం దానికి అలవాటుపడ్డారు.”

“ఆ కాలీడ్చే నడకా?” అన్నాడు సుత్తాయన. “అది మీలో ఎవరు చేశారు?”

“నేనే చేశాను.”

“బాగోలేదండి.”

హాలులో ఎవరో పెన్ను కింద పడేసుకున్నారు. కోడలు కళ్ళు మూసుకుంది. డైరెక్టరు గారు కుర్చీ ముందుకి జరుపుకుని, “ఎందుకు బాగోలేదు?” అన్నారు. ఆ అడగడంలో కోపం లేదు.

మాటల్లో చెప్పమంటే సుత్తాయనకి చేతకాదు. చుట్టూ చూసి, మూల నిలబెట్టిన రెండు తుడుపు కర్రలు తెచ్చాడు. “నేను ముందు కాళ్ళు. వెనక కాళ్ళకి ఒకరు కావాలి,” అన్నాడు. ఎవరూ లేవలేదు. డైరెక్టరు గారి ఎదుట వెనక కాళ్ళుగా నిలబడటానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆఖరికి లేచింది ఆ డైరెక్టరు గారే. బూట్లు విప్పి వచ్చి సుత్తాయన వెనక నిలబడ్డారు. రెండు పక్కలా ఒక్కో కర్ర, ముందు కొసలు సుత్తాయన, వెనక కొసలు డైరెక్టరు గారు పట్టుకున్నారు. అదే వెన్నెముక.

“నా అడుగు పడకముందు మీ అడుగు పడాలి. ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. తొందరపడకండి. మీరు గుర్రం, మీకు ఎక్కడికీ తొందర లేదు.”

మొదటి రెండు మూడు సార్లు డైరెక్టరు గారు ఆయన మడమలు తొక్కారు. నాలుగోసారికి కుదిరింది. వంగిన నడుముతో, మెడ ముందుకి చాచి సుత్తాయన నడుస్తుంటే, ఆ మనిషి ఎక్కడికో పోయి అక్కడ ఒక బరువైన జంతువు మిగిలింది. నవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు నవ్వడం మరిచిపోయారు.

“ఇది బాగున్నప్పటి నడక,” అన్నాడు. “ఇప్పుడు ఎడమ కాలికి దెబ్బ తగిలింది. ఇంకా దాస్తోంది.” తల చిటికెడంత లేచి దిగింది. “ఇప్పుడు దాచలేకపోతోంది.” తల బాగా లేచింది. కర్రల మీద బరువు వెనక్కి వచ్చి పడి డైరెక్టరు గారు తూలారు. “తెలిసిందా, వెనక కాళ్ళ మీద ఎంత బరువు వచ్చిందో? ఇంక కాసేపటికి నిలబడిపోయి, నొప్పి కాలు ముందుకి చాచి పెట్టుకుంటుంది. అప్పుడు దాన్ని కొట్టేవాడు మనిషి కాదు.”

శబ్దాలు చేసే ఇంజినీరు, ఒక పొడుగాటి అమ్మాయి, అప్పటికే మైకు నేలకి ఆనించి కూర్చుంది. “ఇంకోసారి నడుస్తారా అంకుల్? మెత్తటి అడుగు నాకు కావాలి.”

ఆ పూట వాళ్ళు ఇంకో పదకొండు సార్లు నడిచారు. సాయంత్రానికి డైరెక్టరు గారి నడుము పట్టేసింది. సుత్తాయనకి ఏమీ కాలేదు.

తరవాత మూడు వారాలు కోడలు చేసిన పని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. దాచే కుంటు, దాచలేని కుంటు, నిలబడిపోయే కుంటు అని మూడు మెట్లుగా విడదీసింది. రోజూ టీ వేళకి మామగారికి చూపించేది. ఆయన “ఊహూ” అంటే చెరిపేసి మళ్ళీ చేసేది. ఒకరోజు ఆయన చాలాసేపు చూసి, “దీని గిట్ట నేను చూడాలి, లోపలి అంచు,” అన్నాడు, తెరమీది మృగం అన్న సంగతి మరిచిపోయి. అంతే, అది పూర్తయిందని ఆమెకి తెలిసిపోయింది.

పరీక్ష రోజున ముప్ఫై మందిని పిలిచారు. అందరూ ఈ ఆట ఎప్పుడూ ఆడనివాళ్ళే. గదిలోవాళ్ళకి కనబడకుండా అద్దం ఇవతల మన ముగ్గురూ నిలబడ్డారు: డైరెక్టరు గారు, కోడలు, సుత్తాయన. మృగం తల మీద గీత లేదు, కుంటుతుందని ఎవరికీ చెప్పలేదు. ఒకావిడ సిటీ బస్సు డ్రైవరు, యూనిఫారంలోనే వచ్చింది. పళ్ళు బిగించి రాతికొమ్ముని కొడుతూ కొడుతూ ఉన్నట్టుండి వేలు తెరమీంచి తీసేసింది.

“ఏమైందండీ?” అని పక్కనున్న ఉద్యోగి అడిగాడు.

“దీనికి ఒంట్లో బాగోలేదు. తల చూడండి, అడుగేసినప్పుడల్లా లేస్తోంది. ఇంక కొట్టబుద్ధి కావట్లేదు నాకు. వేరే దారేమైనా ఉందా?”

అద్దం ఇవతల కోడలు మామగారి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ సాయంత్రం లెక్క చూస్తే ముప్ఫై మందిలో ఇరవై నలుగురు తమంతట తామే గమనించారు. డైరెక్టరు గారు హాలులోకి వెళ్ళి, ఎర్రగీత కోసం రాసుకున్న కాగితం బోర్డు మీంచి పీకి జేబులో పెట్టుకున్నారు. “ఇరవై రెండేళ్ళు తప్పు నడక నడిపించాను. ఈయన వచ్చి సరిచేశారు,” అన్నారు అందరికీ వినబడేలా.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర మళ్ళీ సంతకం పెట్టమన్నారు. సుత్తాయన ఆ పొద్దున కూడా అలవాటుగా తను రాసిన ‘ఇనుము పని’ అన్నది కొట్టేసి, పక్కనే కాస్త పెద్ద అక్షరాలతో ‘గుర్రాలకి నాడాలు కొడతాను’ అని రాశాడు. గేటు మనిషి అది చదివి, “ఇప్పటికీ ఆ పని ఉందాండీ?” అన్నాడు.

“ఉంది. నేను చేస్తున్నాను,” అన్నాడు ఆయన.

ఆట విడుదలయ్యాక మొదటి వారం జనం తగువులాడుకున్నారు. మృగం తలూపడం తయారీలో దొర్లిన తప్పని కొందరు, కాదు అందులో ఏదో ఉందని ఇంకొందరు. తరవాత అది కుంటు అని ఎవరో పట్టేశారు. పట్టినవాళ్ళు పట్టనివాళ్ళకి నేర్పారు. ఆడినవాళ్ళు రాసిన ఉత్తరాలు కోడలు రోజూ ఒకటో రెండో చదివి వినిపించేది. ఆయన విని తలాడించేవాడు. వాటిలో ఒకటి మాత్రం రెండుసార్లు చదివించుకున్నాడు. ఎక్కడో దూరాన ఉన్న ఒకతను రాశాడు: ‘మా మేనమామ జీవితమంతా గుర్రాల దగ్గరే పనిచేశాడు. నేను ఆడుతుంటే వెనక నుంచి చూసి, ఇది చేసినవాడెవడో గిట్ట చేత్తో పట్టుకున్నవాడురా, అన్నాడు.’

సుత్తాయన ఆ రోజు పనిపాకకి ఆలస్యంగా వెళ్ళాడు. దారిలో ఎదురైన ముగ్గురికి ఆ వాక్యం పొల్లుపోకుండా అప్పజెప్పాడట. మాటల్లో అంత పొదుపరి అయిన మనిషి.

ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ సోఫాలో వరసగా కూర్చున్నారు. కోడలు తన పాత ఫోన్‌లో మామగారికి ఒక వేటగాడిని తయారుచేసి ఇచ్చింది. ఆయన వేళ్ళు మొద్దు. ఒక బొత్తాం నొక్కబోతే మూడు పడుతున్నాయి. రెండుసార్లు రాతికొమ్ము ఆయన్ని ఎగరేసి బురదలో పడేసింది. కొడుకు నవ్వాపుకుని తన వేటగాడిని అడ్డం పెట్టి కాపాడుకొచ్చాడు. కోడలు పెద్ద సుత్తితో ముందు నిలబడింది. అరగంట గడిచింది. మృగం గడ్డిలోంచి వెనక్కి తిరిగి కొండదారి పట్టింది.

కొడుకు వల చేతిలోకి తీసుకున్నాడు. తొందరపడితే వల చిరిగిపోతుంది. ఆలస్యమైతే అది గుహలోకి పోయి పడుకుని కోలుకుంటుంది. ఇన్నేళ్ళుగా ఆడుతున్నవాడే, అయినా వేలు గాల్లోనే ఆపి తండ్రికేసి చూశాడు.

“ఇప్పుడా నాన్నా?”

“ఆగు. ఇంకా దాస్తోంది.”

తెరమీద రాతికొమ్ము నడుస్తోంది. ఆకాశం మీద దాని తల లేస్తోంది, దిగుతోంది. సుత్తాయన నాలుకతో టక్, టక్ అని నెమ్మదిగా కొడుతున్నాడు. అది ఆగింది. ఎడమ కాలు ముందుకి చాచి పెట్టుకుంది.

“ఇప్పుడు,” అన్నాడు ఆయన.

వల పడింది. మృగం మెల్లిగా మోకాళ్ళ మీదికి ఒరిగి నిద్రలోకి జారుకుంది. ఎవరి ఫోన్‌లోనూ ఎవరూ చావలేదు. కొడుకు తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. అప్పటికే ఆయన ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, పడుకున్న మృగం గిట్టకేసి చూస్తున్నాడు.